గండికోట పొద్దుపొడుపు ఒక్క ఫ్రేములో పట్టాలంటే

గండికోటలో తెల్లవారుజామున లోయ అంచు బండల మీద కూర్చుంటే కాసేపటికి మన కళ్ళకి అన్నీ కనిపిస్తాయి. తూర్పున రంగు ఎక్కుతున్న ఆకాశం, కింద ఇంకా చీకట్లోనే ఉన్న పెన్నా, రెండు పక్కలా ఎవరో పేర్చినట్టున్న ఎర్రరాతి గోడలు, ఆ రాళ్ళ సందుల్లో మొలిచిన పొదలు కూడా. కెమెరాకి అన్నీ ఒకేసారి కనిపించవు. ఆకాశాన్ని చూసి ఎక్స్‌పోజర్ (లోపలికి ఎంత వెలుగు రానివ్వాలన్నది) పెడితే లోయంతా మసిబొగ్గు, లోయని చూసి పెడితే ఆకాశం తెల్ల కాగితం. ల్యాండ్‌స్కేప్ తీసేవాళ్ళందరికీ తెలిసిన బాధే ఇది, కానీ కెమెరా కొనేటప్పుడు మాత్రం ఈ బాధని పక్కన పెట్టేసి మెగాపిక్సెల్స్, సెకనుకి ఎన్ని ఫ్రేములు, కంటిని పట్టుకునే ఆటోఫోకస్, వీటి గురించే మాట్లాడుకుంటాం.

2016లో నా కెనాన్ 5డి మార్క్ 3తో అక్కడ తీసిన ఫైలు ఒకటి ఇప్పటికీ హార్డ్ డిస్కులో ఉంది. ఆకాశం కాలిపోకుండా జాగ్రత్తగా తీశాను, ఇంటికొచ్చి లైట్‌రూమ్ అనే ఫోటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో షాడోస్, అంటే చీకటి భాగాలు, పైకి లాగాను. గోడ బయటికొచ్చింది, కానీ దాంతోపాటు గోడ మీద అడ్డంగా నిలువుగా సన్నటి గీతలు కూడా వచ్చాయి, అచ్చం గళ్ళ లుంగీ పరిచినట్టు. మధ్యమధ్యలో ఊదారంగు మచ్చలు. రాయి ఎరుపు రాయిలో లేదు, మచ్చల్లో కలిసిపోయింది. ఆ ఫోటోని పెద్ద సైజులో ప్రింట్ చేద్దామని ఎంత ఆశపడ్డానో, దాన్ని వంద శాతం జూమ్‌లో చూశాక అంత దిగులేసింది. ఈ గీతలు ఎందుకొస్తాయో, ఎవరి కెమెరాలో రావో వెతుక్కుంటూ రెండేళ్ళు పోయాయి, చివరికి నేను కెనాన్ వదిలి వాడిన నికాన్ డి810 ఒకటి కొనుక్కున్నాను. నాకు అర్థమైంది ఇది: ల్యాండ్‌స్కేప్ కోసం కెమెరా చూసేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న 'ఎంత వెలుగు తేడాని ఒక్క ఫ్రేములో మోస్తుంది' అన్నదే, రెండో ప్రశ్న 'ఎదురుగా సూర్యుడుంటే దీని లెన్స్ తట్టుకుంటుందా' అన్నది, మిగతావన్నీ ఆ తర్వాతే. కాదనేవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళ మాట కూడా ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు లెక్క చెప్తాను, కొంచెం ఓపిక పట్టండి. స్టాప్ అంటే వెలుగు రెట్టింపు అవడం. సెన్సార్ అంటే కెమెరాలో వెలుగుని పట్టే చిప్, అందులో ఒక్కో పిక్సెల్‌ని ఒక బిందె అనుకోండి, వెలుగు అందులో పడే నీళ్ళు. బిందె పొంగిపోతే అక్కడ తెలుపు తప్ప ఇంకేం మిగలదు, హైలైట్స్ పోయినట్టే. బిందె అడుగున కాస్త మురికి ఎప్పుడూ ఉంటుంది, అది కెమెరా ఎలక్ట్రానిక్స్ నుంచి వచ్చే నాయిస్. మురికి పైన ఎంత నీళ్ళున్నాయో అదే మనకి పనికొచ్చే రేంజ్. కెమెరా సెన్సార్లని పరీక్షించే డీఎక్స్ఓ మార్క్ వాళ్ళ కొలతల్లో 5డి మార్క్ 3కి 11.7 స్టాపులు, అదే 2012లో వచ్చిన నికాన్ డి800కి 14.4, రెండేళ్ళ తర్వాత వచ్చిన డి810కి 14.8. మూడు స్టాపులే కదా అనిపిస్తుంది, కానీ ఒక్కో స్టాపుకీ రెట్టింపు అవుతూ పోతుంది కాబట్టి 11.7 అంటే సుమారు 3,300 రెట్ల తేడా, 14.8 అంటే సుమారు 28,500 రెట్లు. దాదాపు ఎనిమిదిన్నర రెట్లు ఎక్కువ. ఈ కొలత ప్రతి ఫైలునీ 8 మెగాపిక్సెల్ సైజుకి కుదించి, నాయిస్, సిగ్నల్ సమానమయ్యే దాకా లెక్కపెడుతుంది కాబట్టి చివరి రెండు మూడు స్టాపులు చూడ్డానికి ఏమంత బాగుండవు, 14.8 మొత్తం చేతికొస్తుందని ఎవరూ అనుకోవద్దు. కానీ రెండు కెమెరాలకీ అదే గజంబద్దతో కొలిచినప్పుడు తేడా తేడానే.

ఆ మురికి ఎక్కడిది? అప్పటి కెనాన్ సెన్సార్లలో వెలుగు నుంచి పుట్టిన సన్నటి ఎలక్ట్రికల్ సిగ్నల్‌ని అంకెలుగా మార్చే పని సెన్సార్ బయట వేరే చిప్‌లో జరిగేది. అక్కడిదాకా పోయేలోపు దారిలో చెత్తంతా అంటుకునేది, అదీ చెల్లాచెదురుగా కాకుండా వరసలు వరసలుగా, అందుకే ఆ గళ్ళు. సోనీ తన సెన్సార్లలో ఒక్కో నిలువు వరస కింద ఒక్కో కన్వర్టర్‌ని సెన్సార్ మీదే పెట్టేసింది, డి800లో ఉన్నదీ సోనీ తయారు చేసిన సెన్సారే. 2016లో వచ్చిన 5డి మార్క్ 4లో కెనాన్ కూడా కన్వర్టర్‌ని సెన్సార్ మీదికే తెచ్చింది, వెంటనే 13.6కి చేరింది, గళ్ళు చాలావరకు పోయాయి. కంపెనీ మీద అభిమానంతో జరిగే వాదనలకి ఇక్కడ చోటు లేదు, ఆ చిన్న ముక్క ఎక్కడుందన్నదే విషయం.

ఇక వాదనలు. మొదటిది నేను ఎక్కువసార్లు విన్నది, "బ్రాకెట్ చెయ్ బాసూ, మూడు ఫోటోలు తీసి కలిపేస్తే ఏ కెమెరా అయినా చాలు." నిజమే, రాయి కదలదు, గండికోటలో గాలి లేని పొద్దున 5డి మార్క్ 3తోనే రెండు స్టాపుల తేడాతో మూడు ఫ్రేములు తీసి కలిపితే మంచి ఫోటో వస్తుంది, నా దగ్గరున్నాయి కూడా. కానీ మన దగ్గర తీసే ల్యాండ్‌స్కేపుల్లో కదలనివి ఎన్ని? వనజంగిలో మేఘాలు లోయలో పాలు పొంగినట్టు పొర్లుతూనే ఉంటాయి, మొదటి ఫ్రేముకీ మూడో ఫ్రేముకీ మధ్య మేఘం అంచు జరిగిపోతుంది, కలిపితే అంచు చుట్టూ బూడిదరంగు నీడలాంటిది మిగులుతుంది. కోనసీమలో వరిచేను, కొబ్బరాకులు ఒక్క క్షణం ఆగవు. రాజమండ్రిలో పుష్కర ఘాట్ దగ్గర సాయంత్రం గోదావరి మీద పడవ పోతుంటే మూడు ఫ్రేముల్లో మూడు పడవలు. సాఫ్ట్‌వేర్‌లో డీఘోస్ట్ అనే ఆప్షన్ ఉంది కదా అంటారు, అది చేసేదేంటంటే కదిలిన చోట మూడింట్లో ఒకదాన్ని ఎంచుకుని దాన్నే వాడుతుంది, అంటే అక్కడ మళ్ళీ ఒక్క ఫ్రేమే గతి, చుట్టూ నున్నగా ఉండి ఆ పడవ దగ్గర మాత్రం గరుగ్గా కనిపిస్తుంది. చివరికి ఒక్క ఫ్రేము ఎంత మోస్తుందన్న ప్రశ్న దగ్గరికే వచ్చాం.

ఈ కలిపే పని కొత్తదేం కాదు. 1850ల్లో గుస్తావ్ ల గ్రే అనే ఫ్రెంచి ఫోటోగ్రాఫర్ సముద్రానికి ఒక నెగెటివ్, ఆకాశానికి ఇంకో నెగెటివ్ వాడి రెంటినీ ఒకే కాగితం మీద ప్రింట్ చేశాడు. అప్పటి ప్లేట్లకి నీలం రంగు మరీ ఎక్కువగా తగిలేది కాబట్టి ఆకాశం తెల్లగా పోయేది, అందుకని ఈ ఉపాయం. నూట డెబ్భై ఏళ్ళ కింద మనిషి మన బాధే పడ్డాడని మొదటిసారి చదివినప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది. కానీ ఒకటి గమనించండి, ఆయనకి సముద్రం దగ్గర తిన్నటి గీత ఉంది, ఆ గీత దగ్గర రెండు నెగెటివ్‌లు అతికాయి. లెన్స్ ముందు పెట్టుకునే గ్రాడ్యుయేటెడ్ ఎన్‌డి ఫిల్టర్ కూడా అంతే, సగం నల్లగా సగం మామూలు గాజులా ఉండే ఆ ముక్క యారాడ బీచ్‌లో చక్కగా పనిచేస్తుంది, నేను ఇప్పటికీ వాడతాను. గండికోటలో ఒక పక్క గోడ ఆకాశంలోకి పొడుచుకుని ఉంటుంది, గుడి గోపురం ఉన్న ఫ్రేములో గోపురం పై సగం చీకటైపోతుంది. అది చూడగానే ఫిల్టర్ పెట్టారని ఎవరికైనా తెలిసిపోతుంది.

రెండో వాదన, "ఇప్పుడొచ్చే కెమెరాలన్నీ ఒకటే, ఏదైనా కొనుక్కో." ఇందులో సగం నిజం ఉంది. నికాన్ డి850, జెడ్7, సోనీ ఎ7ఆర్ మార్క్ 3, ఎ7 మార్క్ 3, కెనాన్ ఆర్5, వీటి ఫైళ్ళు పక్కపక్కన పెట్టి షాడోస్ లాగితే ఏది ఏదో చెప్పడం నా వల్ల కూడా కాదు. అయితే కొత్తది కొంటే రేంజ్ పెరుగుతుందనే నమ్మకం మాత్రం తప్పు, ఇది గట్టిగా చెప్పాలి. ఈ మధ్య కంపెనీల దృష్టంతా స్పీడ్ మీద ఉంది, సెన్సార్‌ని ఎంత త్వరగా చదివితే ఆటలకీ పక్షులకీ వీడియోకీ అంత మంచిది, కానీ త్వరగా చదివే సెన్సార్‌లో మురికి కాస్త పెరుగుతుంది. నికాన్ జెడ్6 మార్క్ 3 బేస్ ఐఎస్ఓ (వెలుగుకి సెన్సార్ స్పందించే అసలు స్థాయి, అన్నిటికంటే తక్కువ ఐఎస్ఓ) దగ్గర తన ముందటి మోడల్ కంటే షాడోల్లో వెనకపడింది. సోనీ ఎ9 మార్క్ 3 గ్లోబల్ షట్టర్ కెమెరా, అంటే సెన్సార్ మొత్తాన్ని ఒకేసారి చదివేది, దాని బేస్ ఐఎస్ఓయే 250 నుంచి మొదలవుతుంది. రెండూ వాటి పనికి గొప్ప కెమెరాలే, పెళ్ళిళ్ళు తీసేవాళ్ళకీ క్రికెట్ తీసేవాళ్ళకీ కళ్ళు మూసుకుని చెప్తాను. లోయ అంచున ట్రైపాడ్ వేసి పొద్దు కోసం ఎదురుచూసేవాడికి ఆ స్పీడుతో పనేం ఉంది, దానికి డబ్బు కట్టడమే కాకుండా షాడోలు కూడా ఎందుకు వదులుకోవాలి?

సెన్సార్ సైజు లెక్క కూడా ఇందులోదే. ఫుల్ ఫ్రేమ్ అనే పెద్ద సెన్సార్ వైశాల్యం చిన్న ఏపీఎస్-సీ సెన్సార్ కంటే సుమారు 2.3 రెట్లు, అంటే స్టాప్ కంటే కొంచెం ఎక్కువ. ఇంకా చిన్నదైన మైక్రో ఫోర్ థర్డ్స్ కంటే దాదాపు నాలుగు రెట్లు, రెండు స్టాపులు. అదే వరసలో ఫ్యూజీ మీడియం ఫార్మాట్ జీఎఫ్ఎక్స్ చాలా పెద్దదనిపిస్తుంది గానీ 44 బై 33 మిల్లీమీటర్లంటే ఫుల్ ఫ్రేమ్‌కి 1.7 రెట్లే, ముప్పావు స్టాప్. జీఎఫ్ఎక్స్ 50ఎస్ బేస్ ఐఎస్ఓ 100, డి810, డి850, జెడ్7లకి 64, ఆ 64 వల్ల బిందె లోతు మూడింట రెండొంతుల స్టాప్ పెరుగుతుంది, అంటే రేంజ్ వరకు చూసుకుంటే మీడియం ఫార్మాట్‌కి వచ్చే లాభం దాదాపు ఇక్కడే చెల్లిపోయింది. వివరం, రంగు, లెన్సుల గురించి జీఎఫ్ఎక్స్‌ని ఇష్టపడేవాళ్ళని నేను కాదనను, రేంజ్ కోసం మాత్రం అంత డబ్బు పెట్టక్కర్లేదు.

అయితే ఐఎస్ఓ 64 అనేది ట్రైపాడ్ ఉన్నవాడికే. డి810 చేత్తో పట్టుకుని ఐఎస్ఓ 800లో తీస్తే నేను పైన చెప్పిన మూడు స్టాపుల గొప్పలో చాలాభాగం ఆవిరైపోతుంది, 1600 దగ్గరికి వచ్చేసరికి 5డి మార్క్ 3తో దాదాపు సమానం. వెలుగు తక్కువ పోసుకున్నాక బిందె ఎంత లోతైతే ఏంటి. కాబట్టి ట్రైపాడ్ మొయ్యలేను, ట్రెక్కింగ్‌లో బరువు వద్దు అనుకునేవాళ్ళు నిజాయితీగా ఆ మాట తమకి తాము చెప్పుకుని చిన్న ఏపీఎస్-సీ కెమెరా తీసుకోవడమే మేలు. డి810 బ్యాటరీతో కలిపి 980 గ్రాములు, వనజంగి కొండ ఎక్కేటప్పుడు ఆ బరువు భుజానికి బాగా తెలుస్తుంది.

ఫోన్ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే గండికోటలో నా పక్కన నిలబడి ఫోన్‌తో తీసిన కుర్రాడి ఫోటో స్క్రీన్ మీద నా కెమెరా స్క్రీన్ కంటే బాగుంది, అబద్ధం ఎందుకు. ఫోన్ చేసేది చాలా తెలివైన పని. గూగుల్ హెచ్‌డీఆర్ ప్లస్‌లో అయితే ఆకాశం కాలకుండా తక్కువ ఎక్స్‌పోజర్‌తో వరసగా బోలెడు ఫ్రేములు తీసి, వాటిని జరిపి ఒకదాని మీద ఒకటి సరిచేసి సగటు తీస్తారు. నాలుగు ఫ్రేముల సగటుకి నాయిస్ సగమవుతుంది, పదహారుకి పావు వంతు. ఇదే పని మనం పెద్ద కెమెరాతోనూ చేసుకోవచ్చు, నేను చేసి చూశాను, పదహారు ఫ్రేములు తీసి ఫోటోషాప్‌లో సగటు తీస్తే నది నీళ్ళు నున్నగా లాంగ్ ఎక్స్‌పోజర్ లాగా అందంగా వచ్చాయి. కానీ పాత 5డి మార్క్ 3 ఫైళ్ళలో గరుకు పోయింది గానీ గళ్ళు చాలావరకు పోలేదు. చెల్లాచెదురుగా ఉండే నాయిస్ సగటులో కరిగిపోతుంది, ప్రతి ఫ్రేములో అదే చోట ఉండే గీత ఎన్ని ఫ్రేములు కలిపినా అక్కడే ఉంటుంది. 2023లో లైట్‌రూమ్‌లో ఏఐ డీనాయిస్ వచ్చినప్పుడు ఎంతో ఆశతో ఆ గండికోట ఫైలు దాంట్లో పెట్టాను. గరుకు మాయమైంది, గీతలు ఇంకా శుభ్రంగా కనిపించాయి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమైనది, ఎవరూ పెద్దగా మాట్లాడనిది, లెన్స్. డి810 కొన్న కొత్తలో అదే గండికోటకి మళ్ళీ వెళ్ళాను, సూర్యుడు సరిగ్గా లోయ చివర అంచు మీదికి వచ్చినప్పుడు తీశాను, షాడోస్ లాగితే గళ్ళు లేవు, కానీ గోడ మీద పొగమంచు లాంటి పొర. ఎర్రరాయి వెలిసిపోయిన గులాబీ రంగులో ఉంది. ఆ రోజు అక్కడ మంచు లేదు. ఆ పొర లెన్స్‌లోది. సూర్యుడి వెలుగు గాజుల మధ్య అటూ ఇటూ కొట్టుకుని ఫ్రేమంతా పల్చగా పరుచుకుంటుంది, వెలుగున్న చోట అది కనిపించదు, నల్లగా ఉండాల్సిన చోట మాత్రం నలుపుని తినేస్తుంది. అంటే బిందె అడుగున మురికి తగ్గించుకోడానికి కెమెరా మార్చాను, ఇప్పుడు లెన్సే పైనుంచి బురదనీళ్ళు పోస్తోంది. సెన్సార్ 14 స్టాపులు మోయగలిగినా లెన్స్ దాని దాకా 14 స్టాపులు రానివ్వాలి కదా.

దీన్ని ఎవరైనా ఇంట్లోనే చూసుకోవచ్చు. కెమెరా ట్రైపాడ్ మీద పెట్టి సూర్యుడు ఫ్రేములో ఉండేలా ఒకటి తీయండి, కదపకుండా చెయ్యి ముందుకి చాపి బొటనవేలితో సూర్యుణ్ణి మాత్రం మూసి అదే ఎక్స్‌పోజర్‌తో ఇంకోటి తీయండి. రెండింటి షాడోస్ పక్కపక్కన పెట్టి చూస్తే వేలు అడ్డుపెట్టిన దాంట్లో నలుపు నల్లగా, రంగు రంగుగా ఉంటుంది. (వ్యూఫైండర్‌లోంచి సూర్యుణ్ణి నేరుగా చూడొద్దు, లైవ్ వ్యూలో, అంటే వెనక స్క్రీన్ మీద చూస్తూ చేయండి.) తర్వాత ఫోటోషాప్‌లో వేలు ఉన్నచోట మొదటి ఫ్రేములోని ఆకాశాన్ని పెట్టి కలుపుకోవచ్చు, గండికోటలో నేను ఇప్పుడు ఇలాగే చేస్తాను. నా జూమ్ లెన్స్‌లో ఈ తేడా చాలా ఎక్కువ, తర్వాత తీసుకున్న నికాన్ 20 ఎంఎం ఎఫ్1.8లో చాలా తక్కువ. లెన్స్ ముందు గాజు మీద వేలిముద్ర ఒక్కటున్నా పొర రెట్టింపైనట్టు ఉంటుంది, యూవీ ఫిల్టర్ ఉంటే సూర్యుడికి ఎదురుగా తీసేటప్పుడు విప్పేయండి, మెత్తటి గుడ్డ జేబులో ఉండాల్సిందే. యారాడలో పది నిమిషాలకోసారి తుడవకపోతే ఉప్పుతుంపరలు చాలు ఎంత ఖరీదైన సెన్సార్ పనితనాన్నైనా వృథా చెయ్యడానికి.

కెనాన్ వదిలినప్పుడు నేను పోగొట్టుకున్నదీ లెన్సే. కెనాన్ 16-35 ఎఫ్4 ఎల్ లాంటి వైడ్ జూమ్ ఆ రోజుల్లో నికాన్‌లో లేదనే నా అభిప్రాయం, మూలల దాకా పదునుగా ఉండేది. అందుకే సోనీ ఎ7ఆర్ వచ్చాక చాలామంది కెనాన్ లెన్సుల్ని అడాప్టర్‌తో దానికి తగిలించి వాడారు, సెన్సార్ ఇక్కడిది లెన్స్ అక్కడిది. నేనూ ఆ దారి ఆలోచించాను, కానీ ఆ మొదటి ఎ7ఆర్ రా ఫైళ్ళు (సెన్సార్ ఇచ్చింది జేపెగ్‌గా మార్చకుండా దాచేవి) కుదింపు వల్ల బాగా వెలుగున్న అంచు పక్కన నీడని లాగితే పళ్ళు పళ్ళుగా విరిగేవి, మనకి కావల్సిందే ఆ అంచు. 2015లో తర్వాతి మోడళ్ళకి కుదించని రా ఫైలు ఇచ్చాక వాటిలో ఆ సమస్య పోయింది, నా మనసు మాత్రం డి810 మీదే పడింది. ఇప్పుడైతే కెనాన్ లెన్సులున్నవాళ్ళు ఎక్కడికీ పోనక్కర్లేదు, ఆర్5 బాడీకి కెనాన్ వాళ్ళ సొంత అడాప్టర్‌తో పాత ఈఎఫ్ లెన్సులన్నీ చక్కగా పనిచేస్తాయి. ఉన్న లెన్సులు అమ్ముకుని నష్టపోకండి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు నన్నడిగితే వాడిన డి810 లేదా డి850, మిర్రర్‌లెస్ కావాలంటే వాడిన జెడ్7, దాంతో ఒక్క మంచి వైడ్ ప్రైమ్ (జూమ్ లేని లెన్స్), మిగిలిన డబ్బు ట్రైపాడ్‌కి. డి810, డి850ల్లో హైలైట్-వెయిటెడ్ మీటరింగ్ ఉంది, ఆకాశంలో అతి వెలుగున్న చోటుని కాపాడుతూ ఎక్స్‌పోజర్ పెడుతుంది, పొద్దున ఆదరాబాదరాలో చాలా మేలు చేస్తుంది. కెమెరా వెనక కనిపించే హిస్టోగ్రామ్ (ఫోటోలో వెలుగు పంపకం చూపే గ్రాఫ్) మాత్రం జేపెగ్‌ది, రా ఫైలులో ఇంకాస్త చోటు మిగిలే ఉంటుంది, మీ కెమెరాలో ఎంత మిగులుతుందో ఒకరోజు డాబా మీద కూర్చుని మూడో వంతు స్టాప్ చొప్పున పెంచుతూ తీసి తెలుసుకోండి. సైలెంట్ షట్టర్, హై స్పీడ్ మోడ్‌ల జోలికి పోవద్దు, కొన్ని కెమెరాల్లో వాటిలో రా ఫైలు 14 బిట్ నుంచి 12 బిట్‌కి పడిపోతుంది.

వాడిన కెమెరా కొనేముందు కొట్లోనే రెండు నిమిషాల్లో చూసుకోగలిగే పరీక్ష ఒకటుంది. కోఠిలో నా డి810 కొన్నప్పుడు చేసిందే. షాపు లోపలి మూలన నిలబడి బయట ఎండలో ఉన్న రోడ్డు, లోపల బల్ల కింద చీకటి, రెండూ వచ్చేలా బేస్ ఐఎస్ఓలో, రోడ్డు కాలిపోకుండా రా తీశాను. లాప్‌టాప్ వెంట తీసుకెళ్ళాను, కార్డు పెట్టి ఎక్స్‌పోజర్ నాలుగు స్టాపులు పెంచాను. షాపతను కూడా వంగి చూశాడు. బల్ల కింద అట్టపెట్టె మీద అంటించిన స్టిక్కర్‌లో అక్షరాలు చదవడానికి వచ్చాయి, దాని పక్కన నేల మీద గళ్ళు ఉన్నాయేమోనని జూమ్ చేసి చాలాసేపు వెతికాను. లేవు. డబ్బులు లెక్కపెట్టి ఇచ్చేశాను.